కాలెండరుకెక్కిన కన్నును చూసొచ్చాను

నా కుడికంటి గురించి ఇప్పటిదాకా నన్ను సరిగ్గా అడిగినవాళ్ళు లేరు. నెల్లూరులో నాకు శుక్లం తీసిన ఆసుపత్రికి ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. స్వయంగా వెళ్ళి చెప్పాను. "అలవాటైపోతుందిలే పెద్దాయనా" అన్నారు. ఒకసారి అక్కడి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, "కన్ను ఎలా ఉంది సార్, బాగుందా?" అంది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టేలోపే "థాంక్యూ సార్" అని పెట్టేసింది. నా పేరు పక్కన ఏం రాసుకుని ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఈ ప్రయాణం సంగతి నలుగురూ చదివేచోట రాస్తున్నాను.

మాది పొదలకూరు దగ్గర పల్లె. వరి పండించేవాళ్ళం. నా భార్య చెల్లెలు రమణమ్మను బోగోలు అవతల, సముద్రం పక్క ఊళ్ళో ఇచ్చారు. ఆమె భర్త శీనయ్య, అంటే నా షడ్డకుడు, నాకంటే చిన్నవాడు. అక్కాచెల్లెళ్ళు ఫోన్లో మాట్లాడుకుని మా ఇద్దరికీ ఒకేరోజు, ఒకే ఆసుపత్రిలో, కుడికంటికే ఆపరేషన్ చేయించారు. ముందు వచ్చి కూర్చున్నవాణ్ణి నేను. ముందు పిలిచింది శీనయ్యను.

అది పరిశోధన అని మొదటే చెప్పారు. రెండు రకాల లెన్సులు ఉన్నాయట. ఎవరికి ఏది పెట్టాలో కంప్యూటరు చీటీ తీస్తుందట. ఎవరికి ఏది పడిందో రోగికీ చెప్పరు, తర్వాత కన్ను పరీక్షించేవాళ్ళకీ చెప్పరు. పక్షపాతం లేకుండా ఏ లెన్సు మేలో తేలాలంటే అదే పద్ధతి అన్నారు. నేను సంతకం పెట్టాను.

కట్టు విప్పిన రోజు నుంచి నా కుడికంట్లో, చెవి వైపు చివర, కత్తిరించి పడేసిన గోరుముక్క ఆకారంలో ఒక నల్లటి నీడ ఉంది. ఎండలో ఉంటుంది, ఇంట్లో ఉంటుంది. ఎవరో పక్కన నిలబడ్డారనుకుని మాటిమాటికీ తల తిప్పుతాను. ఎవరూ ఉండరు. పొలం గట్టు మీద నడుస్తూ అలా తిరిగి చూసి రెండుసార్లు బురదలో దిగాను. మిగతా చూపంతా బాగుంటుంది, అబద్ధం చెప్పను. పేపరు చదువుతాను. కానీ నీడ ఉంది. ఇప్పుడు ఎడమకంట్లో కూడా శుక్లం ముదిరింది. దానికీ ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. ఆ కంట్లోనూ ఇదే నీడ వస్తుందా అని అడుగుతున్నాను. చేయించుకోకపోతే ఆ కన్ను పోతుంది. చేయించుకుంటే రెండు పక్కలా ఇద్దరు మనుషులు లేకుండానే నిలబడి ఉంటారేమో. నా బాధ ఇదీ.

ఇక శీనయ్య సంగతి. వాడి ఊరికి ఆసుపత్రి వ్యాను వెళ్తుంది. పరీక్ష చేసేవాళ్ళు వాడి ముంగిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మా పల్లెకు ఫోను, వాడి ఊరికి వ్యాను. ఇది చాలదని ఆసుపత్రివాళ్ళు వేయించిన కాలెండరు మీద వాడి బొమ్మ వేశారు. నల్లకళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని నవ్వుతూ ఉంటాడు. ఆ బొమ్మ తీసిన రోజు వాడి పక్కన నిలబడ్డది నేనే. బొమ్మలో నా మోచెయ్యి మాత్రం పడింది. ఆ కాలెండరు రమణమ్మ పంపితే నా భార్య మా నడవలో తగిలించింది. రోజూ పొద్దున్నే లేచి శీనయ్య నవ్వూ, నా మోచెయ్యీ చూస్తున్నాను.

"మా ఆయన సూదిలో దారం ఎక్కిస్తా ఉండాడక్కా" అని రమణమ్మ ఫోన్లో చెప్పిన రోజున నిర్ణయించుకున్నాను. మంచి లెన్సు వాడికి పడింది. అది ఎలాంటి కన్నో వెళ్ళి నా కంటితో చూడాలి. వ్యాను వచ్చే వారమే వెళ్తే, మా పల్లెకు రానివాళ్ళను అక్కడే పట్టుకోవచ్చు కూడా.

నెల్లూరు

నెల్లూరులో దిగి కారం దోశ తిన్నాను. ఒకప్పుడు ఈ ధరకు ఇంటిల్లిపాదీ తినేవాళ్ళం. కారం మాత్రం తగ్గించలేదు, సంతోషం. చుట్టాలింటికి ఉత్త చేతులతో వెళ్ళకూడదు కదా అని మలై కాజా అరకిలో కట్టించాను. అంగట్లో కూర్చున్నతను నా కుడిపక్క నుంచి పొట్లం అందించాడు. నీడే అనుకుని నేను పట్టించుకోలేదు. అతను విసుక్కుని, "ఏం పెద్దాయనా, చెయ్యి పడిపోయిందా?" అన్నాడు. కన్ను సంగతి చెప్పబోయాను. అప్పటికే వెనకవాడికి తూచుతున్నాడు.

బిట్రగుంట దాకా రైలు. కిటికీ పక్క సీటు దొరికింది కానీ, దానికి కాలేజీ పిల్లలు నలుగురు నా ఒళ్ళో కూర్చున్నంత పని చేశారు. దిగి చూసుకుంటే కాజా పాకం పొట్లంలోంచి కారి పంచె మీద మరకలు కట్టింది. ఆ మరకలతోనే శీనయ్య ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. వాడు మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఇస్త్రీ మడత నలగదు. అదెలాగో నాకు అర్థం కాదు.

బోగోలు దాటాక

సముద్రం వైపు షేరు ఆటోలో నా ఎదురుగా ఒకావిడ ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేపలు అమ్ముకుని తిరిగి వెళ్తోంది. పేరు పోలమ్మ. శీనయ్య ఊరిని ఆనుకుని ఉన్న జాలర్ల పట్టపుపాలెం వాళ్ళది.

"శీనన్న వాళ్ళ అన్నవా నువ్వు? రమణక్క చెప్పింది, వస్తా ఉండారని. నువ్వూ కన్ను చేయించుకున్నావంట గదా."

"చేయించుకున్నానమ్మా. నీకూ చేశారా?"

"మా పాలెంలో ముసిలోళ్ళందరికీ చేసినారు. వ్యాను పంపించి, బువ్వ పెట్టి, మళ్ళా ఇంటికాడ దించినారు."

"ఎలా ఉంది చూపు?"

"బాగుండాది."

"ఏమైనా నీడగానీ, మెరుపుగానీ..."

"బాగుండాదన్నా" అంది, ఈసారి కొంచెం గట్టిగా.

మాట మార్చుదామని వేట ఎలా ఉందని అడిగాను. బాగుందంది. అంతలో పక్కనున్నతను, వారంగా వలలో చెత్త తప్ప ఏమీ పడటం లేదనీ, పడవలు ఒడ్డునే ఉన్నాయనీ చెప్పాడు. పోలమ్మ అతని వంక చూసిన చూపుకు అతను మిగతా దారంతా నోరు మెదపలేదు.

ఆ సంగతి తర్వాత రమణమ్మ చెప్పింది. "ఆ మాట వాళ్ళు అనరు బావా. ఒడ్డు మీద నిలబడి లేదు అంటే గంగమ్మ వింటాదంట. ఖాళీ వల తెచ్చినా బాగుండాదనే అంటారు." మనకూ ఇలాంటిది లేకపోలేదు. మా ఇంట్లో డబ్బాలో గింజ లేనప్పుడు నా భార్య బియ్యం నిండుకున్నాయంటుంది. కానీ మేము అది డబ్బాతో ఆపేస్తాం. వీళ్ళు పడవలకూ, పైరుకూ, ఒంటికీ అన్నిటికీ వాడతారు.

ఆటో దిగేసరికి పొద్దు వాలుతోంది. దారిలో ఆడపిల్లలు ఇసకలో గళ్ళు గీసుకుని ఒంటికాలి మీద గెంతుతున్నారు. గెంతుకో మాట చెబుతున్నారు. "పైకీ... సముద్రం... కిందకీ... ఊరూ... ఊరూ... పైకీ..." ఇదేం ఆట అని పోలమ్మను అడిగాను. "పిలకాయల ఆటలే అన్నా" అని నవ్వి, గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

శీనయ్య ఇల్లు

శీనయ్య గడపలోనే ఎదురొచ్చాడు. మరకల పంచె మీద ఒక్క మాట కూడా అనలేదు. అది మర్యాదో, చూడనట్టు నటనో తేల్చుకోలేకపోయాను. అంత మంచి కన్ను కదా, కనపడకుండా ఎలా ఉంటుంది?

నడవలో వాళ్ళ కాలెండరుకు పూలదండ వేసి ఉంది.

"ఏంది శీనయ్యా, బతికుండగానే దండేసినారు?"

"నేను వెయ్యలేదన్నా. అది మీ మరదలి పని. ఊళ్ళోవాళ్ళు చూడ్డానికొస్తా ఉంటే బోసిగా ఉండాదని ఏసింది."

ఊళ్ళోవాళ్ళు చూడ్డానికి వస్తున్నారన్న మాట అక్కడే గుచ్చుకుంది.

రాత్రి అన్నంలోకి సందువా చేపల పులుసు. మా పల్లెలో పులుసంటే చెరువు కొరమేను. పొద్దున వండి, రాత్రికి కాదు, మర్నాటికి తింటాం. అప్పటికి మామిడికాయ పులుపు ముక్కలోకి దిగుతుంది. ఇక్కడ పొయ్యి మీంచి దించగానే తినేస్తారు. చేప మనదానికంటే తాజా, పులుసు మనదానికంటే పల్చన. ఆ మాటే అన్నాను. "మా అక్క చేతి పులుసు తిన్న నోరు గదా, ఏం నచ్చుతాది నీకు" అంది రమణమ్మ, ఇంకో ముక్క వేస్తూ. శీనయ్య తలొంచుకుని వేళ్ళతో ముల్లు తడుముకుంటూ నిదానంగా తింటున్నాడు. ఆ నిదానం కూడా గొప్పతనంలాగే కనిపించింది నాకు ఆరోజు.

రొయ్యల గుంట

మర్నాడు పొద్దున తన రొయ్యల గుంట చూపించడానికి తీసుకెళ్ళాడు. మా వరి మడులకు వీటికి పోలిక లేదు. వరి అయితే దూరం నుంచే రంగు చూసి ఆకలిగా ఉందో లేదో చెప్పొచ్చు. రొయ్య నీళ్ళ కింద ఉంటుంది. అందుకని గుంటలో ఒక జల్లెడ లాంటి పళ్ళెం దించి, దాంట్లో మేత వేసి, కాసేపటికి పైకి లాగుతారు. ఎక్కిన రొయ్యను పట్టుకుని చూస్తే దాని వీపున పేగు సన్నటి నల్ల గీతలా కనబడుతుంది. గీత నిండుగా ఉంటే తిన్నట్టు. తెగితే ఏదో జబ్బు. ఆ గీతను బట్టే మేత పెంచడమూ తగ్గించడమూ. సాగంతా ఆ గీత మీదే ఉంది.

శీనయ్య పళ్ళెం లాగాడు. ఒక రొయ్యను పట్టుకుని మొహం దగ్గరకు తెచ్చుకున్నాడు. ఎడమకంటి దగ్గరకు.

నేను చూస్తూ నిలబడ్డాను. రెండో రొయ్య తీశాడు. మళ్ళీ ఎడమకంటికే. అది ఆపరేషన్ కాని కన్ను. దాంట్లో నాకు మల్లే శుక్లం ఉంది.

"శీనయ్యా, ఆ కంటితో చూస్తున్నావేం?"

"అలవాటన్నా."

"కుడికంటికి సూదిలో దారం ఎక్కుతుందంట కదా?"

"అది మీ మరదలు అనింది. నేను అన్నానా?"

రొయ్యను నీళ్ళలోకి విసిరేసి గట్టు మీద ముందు నడవసాగాడు. నా గుండెలో ఏదో తేలికపడింది. దాన్ని దాచను. వాడి కన్ను బాగా లేదు అన్న ఆలోచన ఆ ఉప్పుగాలిలో చల్లటి మజ్జిగ తాగినట్టు హాయిగా ఉంది. కానీ ఆలోచన చాలదు. తేలాలి. వ్యాను ఆ మధ్యాహ్నమే వస్తోంది.

తుపాను షెల్టరు

సముద్రపు పల్లెల్లో తుపాను షెల్టరంటే పెళ్ళిళ్ళకూ అదే, మీటింగులకూ అదే. ఎత్తయిన స్తంభాల మీద పెద్ద గది. ఉత్తరపు గోడ మీద కంటి పరీక్ష అట్ట తగిలించారు. ఎప్పుడొచ్చినా అక్కడే తగిలిస్తారట, ఆ గోడకు మేకు ఉంది కాబట్టి. చదువు లేనివాళ్ళ కోసం చేసిన అట్ట అది. దాని మీద ఉన్నదంతా మూడు పళ్ళ దువ్వెన లాంటి ఒకే గుర్తు. ఒకచోట పళ్ళు పైకి ఉంటాయి, ఒకచోట కిందకి, ఒకచోట కుడికి, ఒకచోట ఎడమకి. పై వరుసలో పెద్దగా, కిందకు వచ్చేకొద్దీ చిన్నగా. పళ్ళు ఎటున్నాయో చెబితే చాలు.

పరీక్ష చేసే అమ్మాయి పేరు కరుణ. నెల్లూరు పిల్ల, మెళ్ళో చిన్న శిలువ. అందరినీ పేరుతో, వెనక గారు తగిలించి పలకరిస్తోంది. "శీనయ్య గారూ, మన కాలెండరు హీరో" అని కుర్చీ వేసింది. నేను వెళ్ళి నా పేరు చెప్పాను. తన చేతిలోని కాగితాలు తిరగేసి, "పొదలకూరు వైపువాళ్ళు ఇందులో లేరు పెద్దాయనా. మీకు ఫోన్ వస్తుంది. కాస్త పక్కకు కూర్చోండి" అంది. కూర్చున్నాను. అన్నీ గుర్తు పెట్టుకుంటూ కూర్చున్నాను.

పోలమ్మ వంతు వచ్చింది. ఒక కన్ను మూసుకుని, అట్ట వైపు నిలబడి గడగడా చెప్పింది. "పైకి, సముద్రం, కిందకి, ఊరు, ఊరు, పైకి..."

ఈ ఊళ్ళో కుడి ఎడమలు వాడరు. తూర్పున సముద్రం, పడమట ఊరు. అట్ట ఉత్తరపు గోడకు ఉంటే కుడిచెయ్యి సముద్రం వైపు, ఎడమచెయ్యి ఊరి వైపు. కరుణకు అది అలవాటే. తలూపుతూ గుర్తులు పెట్టుకుంటోంది.

పోలమ్మ తర్వాత ఒక ముసలాయన. "పైకి, సముద్రం, కిందకి, ఊరు, ఊరు, పైకి..." తర్వాత ఇంకొకావిడ. అదే వరుస, అదే దరువు. నిన్న సాయంత్రం ఇసకలో గెంతిన పిల్లల గొంతులు నా చెవిలో మోగాయి. వరుసలో నిలబడ్డవాళ్ళు ముందువాళ్ళు చెప్పేది విని నేర్చుకున్నారు, ఇంటికి వెళ్ళి ఒకళ్ళకొకళ్ళు నేర్పుకున్నారు, పిల్లలకు అది ఆటైపోయింది. పాలెం మొత్తానికి ఆ అట్ట కంఠతా వచ్చు.

పక్కన కూర్చున్న పోలమ్మను మెల్లగా అడిగాను. "కనబడకపోయినా చెప్తారా ఇట్లా?"

"కన్ను పెట్టిన బిడ్డలన్నా వాళ్ళు. అంతదూరం నించి వస్తే, ఎదురుగా కూర్చుని కనపళ్ళేదని ఎట్టంటాం? మనసు నొచ్చుకోరా?"

"అమ్మా, అది పరీక్ష."

"పరీక్షని నాకూ తెలుసు. తప్పితే బాగుంటాదా?"

అప్పుడు శీనయ్యను పిలిచారు. ఎడమకన్ను అరచేత్తో మూసుకుని నిలబడ్డాడు. పై వరుస నుంచి చివరి వరుస దాకా ఎక్కడా ఆగకుండా అప్పజెప్పాడు. గదిలో వాళ్ళు మెచ్చుకోలుగా చూశారు. కరుణ నవ్వుతూ, "నూటికి నూరు, శీనయ్య గారూ" అంది.

నేను లేచాను.

"అమ్మాయీ, ఆ అట్టను తలకిందులు చేసి తగిలించు."

"ఎందుకు పెద్దాయనా?"

"తగిలించి మా తమ్ముణ్ణి మళ్ళీ అడుగు."

ఆ పిల్ల మొదట నవ్వింది. తర్వాత నా మొహం చూసి, వరుసలో ఉన్నవాళ్ళ మొహాలు చూసి, నవ్వు ఆపేసింది. మేకు నుంచి అట్ట తీసి తిప్పి పెట్టింది. ఇప్పుడు పై వరుసే కిందకు పోయింది, పైకి ఉన్నవి కిందకి, సముద్రం వైపు ఉన్నవి ఊరి వైపు తిరిగాయి.

"శీనయ్య గారూ, ఇప్పుడు అడుగున ఉన్న పెద్ద గుర్తులు చెప్పండి."

శీనయ్య చెయ్యి తియ్యలేదు. "పైకి" అన్నాడు. ఆగాడు. "సముద్రం."

వెనక నుంచి పోలమ్మ ఉండబట్టలేక, "సముద్రం కాదన్నా, ఊరు, ఊరు" అని అందించింది.

"ఊరు" అన్నాడు శీనయ్య.

"ఈసారి ఎవరూ చెప్పకూడదు" అంది కరుణ. అట్టను పక్కకు తిప్పి, అన్నిటికంటే పెద్ద గుర్తు మీద వేలు పెట్టింది. "ఇది ఎటు ఉంది?"

 శీనయ్య చెయ్యి దించాడు.

"కనపళ్ళేదు తల్లీ. తెల్లగా మంచు మాదిరి ఉండాది."

"ఎప్పట్నించి?"

"పోయిన వానల కాణ్ణించి."

"మేము ఆ తర్వాత కూడా వచ్చాం కదా. ఎందుకు చెప్పలేదు?"

"కాలెండర్లో ఏసినారు గదమ్మా. ఊరంతా చూసి పోతా ఉండారు. ఏ మొహం పెట్టుకుని చెప్పేది?"

కరుణ కుర్చీలో కూర్చుండిపోయింది. తర్వాత లేచి, అట్టను ఎదురు గోడకు ఆనించి, మొదటినుంచీ అందర్నీ పిలిచింది. ఈసారి దరువు లేదు. కొందరు బాగానే చెప్పారు. పోలమ్మ చూపు నిజంగానే బాగుంది. ఇంకొందరు మొదటి వరుస దాటలేదు. లైటు వేసి చూస్తే, వాళ్ళలో చాలామందికి శీనయ్యకు ఉన్నదే ఉంది. లెన్సు వెనక సన్నటి పొర మసకబారింది. లేజరుతో నిమిషాల్లో పోయేది. అడిగితే పోయేది. వీళ్ళు అడగలేదు, బాగుందన్నారు.

ఆ పిల్ల నా వైపు తిరిగి ఏదైనా అంటుందేమో అని చూశాను. గబగబా ఫోన్లో ఆసుపత్రితో మాట్లాడుతూ మెట్లు దిగిపోయింది.

ఆ రాత్రి రమణమ్మ కంచం పెట్టింది, పక్కన కూర్చోలేదు. "ఊరందరి ముందర తలొంచుకునేటట్టు చేసినావు బావా. ఇంట్లో అడిగి ఉండొచ్చు గదా నువ్వు" అంది లోపలి నుంచి. నేను అడగకపోతే వాడు రొయ్యలను ఎడమకంటితో చూస్తూ, ఆ కన్నూ పోయేదాకా కాలెండర్లో నవ్వుతూ ఉండేవాడు. ఆ మాట అనబోయాను. శీనయ్యే అడ్డుపడి, "నువ్వుండవే" అన్నాడు భార్యతో. తర్వాత నాతో, "రేపు నెల్లూరు రమ్మన్నారన్నా. నువ్వూ నాతోడ రా" అన్నాడు. గోడ వైపు చూస్తే కాలెండరుకు దండ లేదు. ఎవరు తీశారో అడగలేదు.

మళ్ళీ నెల్లూరు

మర్నాడు వ్యాను శీనయ్యను గుమ్మం ముందే ఎక్కించుకుంది. తోడు వచ్చినవాణ్ణి కాబట్టి నాకు వెనక సీటు దొరికింది. ఆసుపత్రిలో చీటీ లేదు, వరుస లేదు. నేను పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా పడిగాపులు పడ్డ అదే వరండాలో, వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. చుక్కలు వేసి కాసేపు కూర్చోబెట్టారు. లోపలికి వెళ్ళిన మనిషి, నేను బయట టీ తాగి వచ్చేసరికి బయట ఉన్నాడు. నొప్పి లేదన్నాడు. గంట గడిచాక గోడ మీది గడియారం చూసి, "అన్నా, ముల్లు కనపడతా ఉండాది" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి. నా భుజం పట్టుకుని వదల్లేదు. నాకు సంతోషం కలగలేదని కాదు. కానీ ఆ సంతోషం పక్కనే ఇంకొకటి నిలబడి ఉంది. వీడికి మళ్ళీ దొరికింది. మొదటిసారి కన్ను దొరికింది, తర్వాత పేరు దొరికింది. ఇప్పుడు పోయిన కన్ను కూడా తిరిగి దొరికింది.

పరిశోధన చూసే డాక్టరుగారు స్వయంగా వచ్చి శీనయ్య చెయ్యి పట్టుకున్నారు. "మీరు నిజం చెప్పి మాకు చాలా మేలు చేశారు. ఇక నుంచి అట్టలు మార్చి మార్చి వాడతాం, ఒకళ్ళు చెప్పేది ఇంకొకళ్ళకు వినపడకుండా చూస్తాం" అన్నారు. నిజం చెప్పింది శీనయ్యట. వాడు సిగ్గుపడి, "మా అన్న అడిగించినాడు సార్" అన్నాడు. డాక్టరుగారు నా వైపు తలూపారు. ఆ తలూపు వదలకుండా పట్టుకున్నాను.

"నా కన్ను కూడా చూడండి."

చూశారు. ఆయన్ను తప్పు పట్టను, శ్రద్ధగానే చూశారు. అట్ట చదివించారు. నేను పాట పాడలేదు. చూసి, కనిపించింది చెప్పాను. చివరి వరుస దాకా వచ్చింది. లైటు వేసి లోపలంతా పరీక్షించారు.

"లెన్సు సరిగ్గా మధ్యలో ఉంది. వెనక పొర శుభ్రంగా ఉంది. నరం బాగుంది. మీ కన్ను మా దగ్గరున్న మంచి ఫలితాల్లో ఒకటండీ."

"మరి ఈ నీడ?"

"కొంతమందికి అలా కనిపిస్తుంది. చాలామందికి కొన్నాళ్ళకు పోతుంది. దాని మీద ధ్యాస పెట్టకండి."

"నాకు పోలేదు. ఏ లెన్సు వల్ల వచ్చింది?"

"మీకు ఏది పడిందో పరిశోధన ముగిసేదాకా మాకూ తెలియదు."

"సరే. ఆ లెన్సు పడ్డవాళ్ళలో ఎంతమందికి నీడ వచ్చిందో ముగిశాక తెలుస్తుందా?"

 "నీడ గురించిన ప్రశ్న మా పరిశోధనలో లేదండీ" అన్నారు. నిజాయితీగా చెప్పారు. ఆ నిజాయితీ చూసి నాకు ఇంకా మండింది.

శీనయ్య రైలెక్కుతూ కిటికీలోంచి, "అన్నా, ఎడమకన్ను కూడా చేయించుకో. నా మాట విను" అన్నాడు. వాడి కుడికన్ను సంగతి తేలిపోయింది, చెప్పగలడు. నేను పొదలకూరు బస్సెక్కాను.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఆ పరిశోధనకు పెద్ద ఎవరో నాకు తెలియదు. కరుణ కాదు, ఆ డాక్టరుగారూ కాదు. ఎక్కడో కూర్చుని, ఏం అడగాలో ఏం అడగక్కర్లేదో నిర్ణయించిన మనిషి ఒకరున్నారు. అయ్యా, అమ్మా, ఎవరైనా సరే, మీకే చెబుతున్నాను. కనపడనివాళ్ళు బాగుందంటే మీరు రాసుకున్నారు. కనబడేవాణ్ణి నేను బాగోలేదంటే రాసుకోవడానికి మీ కాగితంలో చోటు లేదు. బాగుందన్నవాళ్ళ ఇంటికి వ్యాను పంపించారు. నా కుడికంట్లో మీరు ఏ లెన్సు పెట్టారు? ఈ నీడ దానివల్ల వచ్చిందా? ఇంకెవరికి వచ్చిందో మీరు ఎందుకు అడగలేదు? అదే లెన్సు ఎడమకంట్లో పెడితే అక్కడా వస్తుందా? ఫోన్ వద్దు, ఆ అమ్మాయి మళ్ళీ పెట్టేస్తుంది. తెలుగులో, కాగితం మీద, కింద మీ పేరు రాసి పంపించండి. నా ఎడమకన్ను రోజురోజుకూ మసకబారుతోంది. మీ జవాబు ఆ కన్ను పోయేలోపు రావాలి.